పరీక్ష రోజున గుర్తొచ్చే విద్యార్థి

బెంగళూరులో డిగ్రీ పరీక్షలు మొదలయ్యే వారం వాట్సాప్ గ్రూపుల్లో ఒక తరహా సందేశాలు తిరుగుతుంటాయి. రేపు ఉదయం పదింటికి రాజాజీనగర్‌లో బీకాం పరీక్ష, చూపులేని అమ్మాయికి పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్ కావాలి, ఇంగ్లిష్ తప్పుల్లేకుండా రాయాలి, పీయూసీ చదివేవాళ్లయితేనే కాలేజీ ఒప్పుకుంటుంది, ఆధార్ కాపీ తెచ్చుకోవాలి. రాత్రి ఎనిమిదికి మొదలైన సందేశం పది దాకా గ్రూపు నుంచి గ్రూపుకు పోతూనే ఉంటుంది. చివరికి ఎవరో ఒకరు ‘నేనొస్తాను’ అంటారు. అప్పటిదాకా పాఠం తిరగేసుకోవలసిన అమ్మాయి ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది.

స్క్రైబ్‌ల విషయంలో ఈ నగరానికి మంచి పేరే ఉంది. ఐటీ ఉద్యోగం చేసుకుంటూ వికలాంగుల తరఫున వందల పరీక్షలు రాసిన ఎన్.ఎం. పుష్పకు కేంద్ర ప్రభుత్వం 2018 సంవత్సరానికి నారీశక్తి పురస్కారం ఇచ్చింది. ఆమెకు అది తగిన గౌరవమే. కానీ ఒక్క మనిషి మంచితనం మీద అన్ని పరీక్షలు నడిచాయంటే, ఆ పని చేయవలసిన కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ అన్నేళ్లూ ఏం చేస్తున్నట్టు? అవార్డు వార్త పక్కనే ఈ ప్రశ్న కూడా అచ్చు కావలసింది.

ఈ ఏర్పాటు ఎలా ఉండాలో కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 ఆగస్టు 29న మార్గదర్శకాలు ఇచ్చింది. పరీక్ష నిర్వహించే సంస్థే జిల్లా, డివిజన్, రాష్ట్ర స్థాయిల్లో స్క్రైబ్‌ల జాబితా తయారు చేసి పెట్టుకోవచ్చంది. విద్యార్థే సొంతంగా తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు విద్యార్థి చదువుకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలంది. గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలంది. ఈ మూడింటిలో రెండోది మాత్రం ప్రతి పరీక్షా కేంద్రంలోనూ తు.చ. తప్పకుండా అమలవుతుంది. మూడోది, అంటే మూడు గంటల పరీక్షకు నాలుగో గంట, ఇన్విజిలేటర్ ఇంటికెళ్లే తొందరను బట్టి ఉంటుంది. మొదటిదాని ఊసే తక్కువ. విద్యార్థి మీద పెట్టిన షరతు నిలిచింది, సంస్థకు అప్పగించిన పని జారిపోయింది. అక్కడ ‘చేయాలి’ అనక ‘చేయవచ్చు’ అన్నారు మరి. మన ఆఫీసుల్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలిసిందే.

స్క్రైబ్ గొడవను ఇంతసేపు చెప్పడానికి కారణం, మన విశ్వవిద్యాలయాల్లో వికలాంగ విద్యార్థులకు అందే సేవ దాదాపుగా అక్కడే మొదలై అక్కడే ముగుస్తోంది. ఏడాదిలో పరీక్షలు నడిచే నాలుగైదు వారాలు మాత్రమే కాలేజీకి ఆ విద్యార్థి ఉన్నాడని తెలుస్తుంది. మిగతా రోజుల్లో అతను క్లాసుకు ఎలా వస్తున్నాడు, బోర్డు మీద రాసింది ఎలా తెలుసుకుంటున్నాడు, ల్యాబ్‌లో ఏం చేస్తున్నాడు, లైబ్రరీలో ఏ పుస్తకం చదవగలుగుతున్నాడు అన్నవి ఎవరి పద్దులోనూ లేవు. చదువు చెప్పే రోజుల్ని వదిలేసి, ఆ చదువును కొలిచే రోజున మాత్రం రాయితీ ఇస్తున్నాం.

చట్టం ఇంత ఇరుకుగా లేదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించింది. దాని స్థానంలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం-2016 ఆ జాబితాను 21కి పెంచింది. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం, మానసిక రుగ్మతలు, తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ కూడా అందులోకి వచ్చాయి. ఉన్నత విద్యలో కోటా 5 శాతానికి పెరిగింది, గరిష్ఠ వయసులో అయిదేళ్ల సడలింపు వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న చట్టమిది.

అయితే బెంగళూరు సంగతికొచ్చేసరికి ఇందులో రెండు కంతలు కనిపిస్తాయి. 5 శాతం కోటా ప్రభుత్వ సంస్థలకూ, ప్రభుత్వ సాయం తీసుకునే సంస్థలకూ మాత్రమే. ఈ నగరంలో డీమ్డ్ వర్సిటీలు, ప్రైవేటు వర్సిటీలు, అన్‌ఎయిడెడ్ ఇంజినీరింగ్ కాలేజీలు వీధికొకటి. అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి వచ్చే మన పిల్లల్లో చాలామంది చేరేది వాటిల్లోనే. రెండో కంత ఇంకా చిత్రమైనది. ప్రభుత్వ నిధులు లేకపోయినా కేవలం గుర్తింపు ఉన్న సంస్థ కూడా సమ్మిళిత విద్య అందించేలా చూడాలని 16వ సెక్షన్ చెబుతుంది. కానీ అది మాట్లాడేది ‘పిల్లల’ గురించి. పద్దెనిమిది దాటి బీటెక్‌లో చేరినవాడు పిల్లవాడు కాదు. బడిలో ఉన్నంతకాలం కాస్తో కూస్తో పట్టించుకున్న చట్టం, కాలేజీ గేటు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

ఫలితం లెక్కల్లోనే ఉంది. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. కేంద్రం ఏటా చేసే ఉన్నత విద్య సర్వే ప్రకారం 2020-21లో దేశంలోని కాలేజీలూ వర్సిటీల్లో చేరిన వికలాంగులు 79,035 మంది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 92,831. మొత్తం విద్యార్థులు 4.14 కోట్లు కాబట్టి, వెయ్యిమందిలో ఇద్దరు కూడా లేరన్నమాట. సర్టిఫికెట్ చేతిలో ఉండి, ఆ సంగతి కాలేజీకి చెప్పుకున్నవాళ్లే ఈ లెక్కకు అందుతారు. చెప్పుకుంటే ఒరిగేది ఏమీ లేనప్పుడు ఎందుకు చెప్పుకుంటారు? బడిలో వెక్కిరింపులు పడినవాళ్లు కాలేజీలోనైనా ఎవరికీ తెలియకుండా గడిపేద్దామనుకోవడం సహజం. సేవ లేదు గనుక చెప్పుకోరు, చెప్పుకునేవాళ్లు లేరు గనుక సేవ అక్కర్లేదంటారు. ఈ వాదనను పెద్ద పెద్ద చదువులు చదివిన ప్రిన్సిపాళ్ల నోటే వినాల్సి రావడం దురదృష్టం.

2017 డిసెంబర్ 15న డిజేబుల్డ్ రైట్స్ గ్రూప్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ చిక్కుముడిని సరిగ్గా పట్టుకుంది. లా కాలేజీల్లో వికలాంగుల ఇబ్బందులతో మొదలైన ఆ వ్యాజ్యంలో జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్‌ల ధర్మాసనం సీట్ల కోటా గురించి చెప్పి ఊరుకోలేదు. ప్రతి విద్యాసంస్థలో అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులతో ఒక అంతర్గత వ్యవస్థ పెట్టి వికలాంగ విద్యార్థుల రోజువారీ అవసరాలు చూసుకునే అవకాశాన్ని పరిశీలించమని యూజీసీని ఆదేశించింది. ఇక్కడ పట్టుకోవలసింది ‘రోజువారీ’ అన్న మాటనే. పరీక్ష ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, క్లాసు రోజూ ఉంటుంది. ఆ తర్వాత యూజీసీ 2022లో ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటు ప్రమాణాలంటూ సవివరమైన మార్గదర్శకాలు తెచ్చింది. పేరులోనే ఉంది, అవి మార్గదర్శకాలు.

ఆ రోజువారీ వ్యవస్థ ఎలా ఉంటుందో చూడాలంటే బెంగళూరు దాటిపోనక్కర్లేదు. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎంలో ఇందుకోసమే ప్రత్యేక కార్యాలయం ఉంది. ఎంఫసిస్ కంపెనీ తోడ్పాటుతో అది పనిచేసింది. ఆ క్యాంపస్‌ను కట్టింది బి.వి. దోషి, తర్వాత 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న మహా వాస్తుశిల్పి. ఫతేపూర్ సిక్రీని మనసులో పెట్టుకుని గీసిన పొడవాటి నడవాలు, బూడిదరంగు రాతి గోడలు, మధ్య మధ్య ఆకాశం కనిపించే పందిళ్లు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ 1970ల చివర్లో దాన్ని రూపొందించే నాటికి చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి ఎవరి ఊహలోనూ లేడు. అలాంటి చోట తర్వాత్తర్వాత ర్యాంపులు, లిఫ్టులు ఏర్పాటు చేసుకోవడం వేరే పని. దానికి డబ్బు కావాలి, అంతకన్నా ముందు అది తన ఉద్యోగమని నమ్మే ఒక మనిషి కావాలి. ఐఐఎంకు రెండూ దొరికాయి. ఏటా కొన్ని వందల మంది మాత్రమే చేరే, దేశమంతా కన్నేసి ఉంచే సంస్థకు అవి దొరకడం వింత కాదు.

వింతంతా మిగతా బెంగళూరులో ఉంది. బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని 2017లో మూడు ముక్కలు చేశారు. జ్ఞానభారతి క్యాంపస్‌లో పాతది, నగరం నడిబొడ్డున సిటీ యూనివర్సిటీ, కోలారు కేంద్రంగా నార్త్ యూనివర్సిటీ. నగరంలోనూ చుట్టుపక్కలా ఉన్న వందల డిగ్రీ కాలేజీలు వీటికి అనుబంధం. ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి వంటి చోట్ల ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బడిలో కన్నడం చదువుకున్న పిల్లలు చేరేవి ఈ కాలేజీలే. ఇక్కడ పాఠం చెప్పేది కాలేజీ, పరీక్ష పెట్టేది వర్సిటీ, స్కాలర్‌షిప్ ఇచ్చేది సంక్షేమ శాఖ, వైకల్యం సర్టిఫికెట్ రాసేది ప్రభుత్వాసుపత్రి. వికలాంగ విద్యార్థికి ఈ నాలుగు చోట్లా నాలుగు ఫైళ్లు ఉంటాయి. ‘ఇది మా పని’ అనే గది మాత్రం ఒక్కటీ ఉండదు. స్క్రైబ్ అనుమతి పత్రం కోసం కాలేజీకి వెళితే వర్సిటీ నుంచి తెమ్మంటారు, వర్సిటీకి వెళితే ప్రిన్సిపాల్ సంతకం లేదంటారు. వెయ్యి ఎకరాలు దాటిన జ్ఞానభారతికి 2021 నుంచి ఆ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. స్టేషన్లో లిఫ్టు ఉంది, రైల్లో చక్రాల కుర్చీకి చోటుంది. దిగాక డిపార్ట్‌మెంట్ దాకా వెళ్లే దారి సంగతి విద్యార్థి చూసుకోవాలి.

కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చేటప్పుడు చూడాలి మన కాలేజీల ఉత్సాహం. న్యాక్ మదింపులో 7.1.7 అనే అంశం ఉంది. ర్యాంపు లేదా లిఫ్టు, వికలాంగుల మరుగుదొడ్డి, సూచికలు, సహాయక సాంకేతికత, స్క్రైబ్-రీడర్ వంటి మానవ సహాయం, ఈ అయిదింట్లో ఎన్ని ఉన్నాయో చెప్పి, సాక్ష్యంగా జియోట్యాగ్ చేసిన ఫొటోలు పెట్టాలి. దాంతో ప్రతి కాలేజీలోనూ ఒక ర్యాంపు వెలసింది. ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు 1:12 ఉండాలి, అంటే అడుగు ఎత్తు మెట్టుకు పన్నెండు అడుగుల పొడవు. చాలాచోట్ల కట్టేది నాలుగడుగులు. చక్రాల కుర్చీలో దాన్ని ఎక్కబోతే వెనక్కి బోల్తా పడటమే. స్కూటర్లు ఎక్కించడానికి మాత్రం బాగుంటుంది. మరుగుదొడ్డి తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉంటుంది, తాళం ఉంటుంది, లోపల చీపుర్లూ ఫినాయిల్ డబ్బాలూ ఉంటాయి. ఫొటో తీసిన రోజున అవి లేవు, అంతే. తలుపు మీద బొమ్మకు మార్కులు వేసే పద్ధతి ఉన్నంతకాలం కాలేజీలు బొమ్మలే వేయిస్తాయి. ఆ ఏడాది ఆ మరుగుదొడ్డిని ఎంతమంది వాడుకోగలిగారో విద్యార్థులనే అడిగే ప్రశ్న ఒక్కటి ఆ జాబితాలో ఉంటే కథ మారేది.

ర్యాంపు కనీసం కంటికి కనబడుతుంది. అంతకన్నా పెద్ద అడ్డంకి ఫైలు రూపంలో ఉంటుంది. ఈ రోజుల్లో చూపులేని విద్యార్థి కంప్యూటర్‌తోనో ఫోన్‌తోనో చదువుతాడు. ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. అయితే ఆ తెర మీద అక్షరాలు ఉండాలి. మన అధ్యాపకులు పంపే నోట్సు చాలావరకు ఫొటోలు. జిరాక్సు కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి, గ్రూపులో పెట్టేస్తారు. చూపున్నవాళ్లకు అది పాఠం, స్క్రీన్ రీడర్‌కు ఖాళీ పేజీ. ఇంగ్లిష్ పాఠమైతే ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్‌తో ఏదో ఒకలా లాగవచ్చు. భారతీయ భాషల దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కు. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పాఠాలు, పాత నుడి ఫాంట్లలో ఉన్న కన్నడ పాఠాలు కంటికి చక్కగానే కనిపిస్తాయి. లోపల ఉన్నది మాత్రం యూనికోడ్ కాదు, రోమన్ అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గంద్రగోళం. స్క్రీన్ రీడర్ నోరు తెరిస్తే వినిపించేది ఏ భాషా కాదు. తెలుగు సాహిత్యం ఎంఏ చేసే చూపులేని విద్యార్థి షేక్‌స్పియర్‌ను సొంతంగా చదువుకోగలడు, నన్నయ కోసం మాత్రం ఎవరినో బతిమాలి చదివించుకోవాలి. ఈ దుస్థితి గురించి మన భాషాభిమానుల సభల్లో ఒక్క తీర్మానమైనా చేయాలని ఎవరికీ తోచదెందుకో.

దీనికి చట్టం అడ్డమా అంటే కాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, ఏ పుస్తకాన్నయినా వికలాంగులు చదువుకోగల రూపంలోకి మార్చుకోవడానికి ప్రచురణకర్త అనుమతి అక్కర్లేదన్నారు. ఇదే విషయం మీద 2013లో కుదిరిన మారకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనది. ఆ సవరణ కోసం ఏళ్ల తరబడి పనిచేసిన సంస్థల్లో ఒకటి బెంగళూరులోనే ఉన్న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ. 2016లో సుగమ్య పుస్తకాలయ పేరుతో జాతీయ ఆన్‌లైన్ లైబ్రరీ కూడా వచ్చింది. హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో మధు సింఘాల్ నడిపే మిత్రజ్యోతి సంస్థ అంతకు చాలా ముందు నుంచే పుస్తకాలను గొంతులోకి మారుస్తోంది. ఇన్ని ఉన్నా, పక్క వీధి కాలేజీ లైబ్రేరియన్ పాఠ్యపుస్తకం స్కాన్ చేయమంటే కాపీరైట్ అంటూ భయపడతారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పడం ఎవరి ఉద్యోగమూ కాదు.

గణితం, సైన్సుల దగ్గరికొస్తే నిరాకరణ మరీ మొరటుగా ఉంటుంది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ తెలుగువాళ్లకు కొత్త కాదు. పదో తరగతి తర్వాత ఇంటర్‌లో సైన్సు చదువుతానంటే చూపులేనివాళ్లకు కుదరదన్నారు, కోర్టుకు వెళ్లి గెలిచి 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. ఇక్కడ ఐఐటీ కోచింగ్ సెంటర్లు చేర్చుకోలేదు, అమెరికాలో ఎంఐటీ చేర్చుకుంది. 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు, 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చింది. సినిమా చూసి కళ్లు తుడుచుకున్న వాళ్లలో కాలేజీ యాజమాన్యాలు కూడా ఉండే ఉంటాయి. అలాంటి అసాధారణ మనిషి కానక్కర్లేకుండా, యాభై అయిదు శాతం మార్కులతో, కోర్టు మెట్లెక్కకుండా బీఎస్సీ చదువుకోవాలనుకునే సాధారణ విద్యార్థికి దారి ఏదన్నదే అసలు సంగతి. బెంగళూరు ట్రిపుల్ఐటీలో చదువుకున్న చూపులేని యువతి వై. విద్య, సుప్రియా డే తదితరులతో కలిసి నెలకొల్పిన విజన్ ఎంపవర్ సంస్థ చూపులేని పిల్లలకు గణితం, సైన్సు నేర్పే పద్ధతుల మీద పనిచేస్తోంది. అది బడుల స్థాయిలో జరుగుతున్న పని. అలా గణితం నేర్చుకుని వచ్చే పిల్లలకు రేపు డిగ్రీ కాలేజీలు ఏ జవాబు చెబుతాయో చూడాలి.

వినికిడి లేని విద్యార్థుల పరిస్థితి ఇంతకన్నా అన్యాయం. వాళ్లకు డిగ్రీ చదువు చెప్పే సంస్థగా తిరువనంతపురంలోని నిష్ పేరు చెబుతారు తప్ప, బెంగళూరులో మామూలు కాలేజీలో చేరితే క్లాసులో సంజ్ఞ భాష దుబాసీ ఉండరు. గంటల తరబడి సాగే ఉపన్యాసానికి ఒక్కరు చాలరు, ఇద్దరు వంతులవారీగా చేయాలి. భారతీయ సంజ్ఞ భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తయారు చేసిన నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది. ఆర్థికశాస్త్రం, జీవశాస్త్రం పైతరగతుల్లో వచ్చే పారిభాషిక పదాలకు అది మొదలు మాత్రమే.

ఇక కంటికి కనిపించని వైకల్యాలు. పదో తరగతిలో డిస్లెక్సియా ఉన్న పిల్లవాడికి బోర్డు రాయితీలు ఉంటాయి, తల్లిదండ్రులు నిమ్హాన్స్ చుట్టూ తిరిగి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. కాలేజీకి వచ్చాక ‘చూడ్డానికి బాగానే ఉన్నావుగా’ అన్న మాట ఎదురవుతుంది. 40 శాతం వైకల్యం ఉంటేనే సాయం అనే గీత కూడా ఇలాంటివాళ్ల మీదే ఎక్కువ దెబ్బ వేసింది. రాయబోతే చెయ్యి బిగుసుకుపోయే ‘రైటర్స్ క్రాంప్’ సమస్య ఉన్న అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో స్క్రైబ్‌ను ఇవ్వనన్నందుకు వచ్చిన వికాస్ కుమార్ కేసులో, 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆ గీతను చెరిపేసింది. సీట్ల కోటాకు 40 శాతం గీత ఉండవచ్చు, అవసరమైన సర్దుబాటు పొందే హక్కుకు ఉండదని తేల్చింది. దాన్ని అనుసరించి 2022 ఆగస్టులో కేంద్రం కొత్త మార్గదర్శకాలూ ఇచ్చింది. ఆ కాగితం పరీక్షల విభాగానికి చేరి ఉంటుంది. డిప్రెషన్‌తో మూడు వారాలు క్లాసుకు రాలేకపోయి, 75 శాతం హాజరు లేక హాల్‌టికెట్ ఆగిపోయిన విద్యార్థి దగ్గరికి చేరలేదు. నెలకోసారి రక్తం ఎక్కించుకునే తలసీమియా విద్యార్థి దగ్గరికీ చేరలేదు. వాళ్లకు కావలసింది స్క్రైబ్ కాదు, హాజరు పట్టీలో కాస్త ఓర్పు.

ఎంఎస్‌కని అమెరికా వెళ్లే మన పిల్లలు అక్కడ మొదటి వారంలోనే ఒక సంగతి గమనిస్తారు. వైకల్య సేవల కార్యాలయానికి ఒక్కసారి వెళ్లి కాగితాలు చూపిస్తే, ప్రతి ప్రొఫెసర్‌కూ ఒక ఉత్తరం వెళుతుంది. ఈ విద్యార్థికి పరీక్షలో ఇంత అదనపు సమయం, నోట్సు ముందుగా ఇవ్వాలి, ముందు వరుసలో చోటు అని మాత్రమే అందులో ఉంటుంది. జబ్బు పేరు ఉండదు. పదిమంది మేష్టార్ల ముందు పదిసార్లు తన కథ చెప్పుకునే బాధ తప్పుతుంది. అక్కడా ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. పోలియోతో మెడ కింద కదలికలేని ఎడ్ రాబర్ట్స్ 1962లో బర్క్‌లీలో చేరితే హాస్టల్లో పెట్టే వీలులేక క్యాంపస్ ఆసుపత్రి వార్డులో చోటిచ్చారు. ఆయన వెనుక చేరిన విద్యార్థులంతా కలిసి కొట్లాడగా 1970లో వికలాంగ విద్యార్థుల కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపింది కూడా వాళ్లే. మన కమిటీల్లో వికలాంగ విద్యార్థికి కుర్చీ ఉంటోందా అన్నది ఎవరికి వారు చూసుకోవచ్చు.

డబ్బులేదన్న జవాబు వస్తుందని తెలుసు. చిన్న కాలేజీ ఒక్కటే ఇవన్నీ పెట్టుకోలేదన్నది నిజమే. పెట్టుకోనక్కర్లేదు కూడా. ముంబయి సెయింట్ జేవియర్స్ కాలేజీ 2003లో మొదలుపెట్టిన చూపులేనివారి వనరుల కేంద్రం ఒక్క ఆ కాలేజీకే పరిమితం కాలేదు. బెంగళూరులో మూడు వర్సిటీలు తలా కొంత వేసుకుని ఉమ్మడిగా ఒక కేంద్రం పెట్టవచ్చు. పుస్తకాలు మార్చే స్కానర్లు, ఇద్దరు ముగ్గురు సంజ్ఞ భాష దుబాసీలు, ఏడాది పొడవునా తాజాగా ఉండే స్క్రైబ్‌ల జాబితా, వాళ్లకు గౌరవప్రదమైన రుసుము, దారిఖర్చు. ప్రతి కాలేజీలో ఆ కేంద్రంతో మాట్లాడే బాధ్యత ఒక అధ్యాపకుడికి అప్పగించి, ఆ మేరకు క్లాసుల భారం తగ్గించాలి. తగ్గించకపోతే అది ఎన్ఎస్ఎస్, యాంటీ ర్యాగింగ్, స్వచ్ఛభారత్‌లతో పాటు ఆ అధ్యాపకుడి మెడలో ఇంకో బిళ్ల అవుతుంది. ఎనేబుల్ ఇండియా, సమర్థనం, అరవై ఏళ్లు దాటిన అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీ వంటి అనుభవమున్న సంస్థలు ఈ నగరంలోనే ఉన్నాయి. తెలిసినవాళ్లు ఉన్నారు, ఒప్పందం మీద సంతకం చేసేవాళ్లు రావాలి.

బలవంతపెట్టే శక్తి చట్టంలో లేదా అంటే, ఉంది గానీ పలుచన. 89వ సెక్షన్ కింద తొలి ఉల్లంఘనకు జరిమానా పదివేల రూపాయల వరకు. సరైన ర్యాంపు కట్టే ఖర్చుకన్నా అదే చవక. ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలను అయిదేళ్లలో అందుబాటులోకి తేవాలన్న గడువు 2022 జూన్‌తో తీరిపోయింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఈ సడలింపు ధోరణినే తప్పుపట్టింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చెల్లదని, తప్పనిసరి కనీస నియమాలు రాయాలని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక రాసింది హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం. తెలుగునేల మీద తయారైన ఆ పనిని మన రెండు రాష్ట్రాల వర్సిటీల వైస్‌ఛాన్సలర్లు ఒకసారి తెప్పించుకుని చదివితే బాగుంటుంది, బెంగళూరును వేలెత్తి చూపే ముందు.

ప్రవేశాల కాలంలో రాయలసీమ బస్సులు దిగి ఎంతోమంది తల్లిదండ్రులు బెంగళూరు కాలేజీల చుట్టూ తిరుగుతారు. ప్లేస్‌మెంట్లు ఎంత, హాస్టల్లో మన వంట దొరుకుతుందా, డొనేషన్ తగ్గుతుందా అని అడుగుతారు. బిడ్డకు వైకల్యం ఉన్నవాళ్లు ఈ ప్రశ్నలతో ఆగకూడదు. ఫలానా గదిలో ఫలానా మనిషి ఈ పని చూస్తారని రాతపూర్వకంగా చెప్పమనాలి. పరీక్షకు స్క్రైబ్‌ను తెచ్చేది ఎవరు, నోట్సును చదవగలిగే ఫైలుగా ఇచ్చేది ఎవరు, క్లాసు పై అంతస్తులో పడితే కిందికి మార్చేది ఎవరు, ఆసుపత్రికి వెళ్లిన రోజుల హాజరు సంగతి ఏమిటి అని అడగాలి. వైకల్య గుర్తింపు కోసం ఇచ్చే యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది కాబట్టి ‘మీరు ఆంధ్రా వాళ్లు, ఇక్కడ సర్టిఫికెట్ తెచ్చుకోండి’ అంటే ఒప్పుకోనక్కర్లేదు. అడ్మిషన్ కౌంటర్‌లోని మనిషి ఈ ప్రశ్నలకు తడబడి లోపలికి వెళ్లి ఎవరినో కనుక్కుని వస్తే, ఫీజు కట్టే ముందు ఆ లోపలి మనిషినే కలవాలి.